హీలర్ చేతికి వచ్చిన డాలు

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా హాల్లో మా అమ్మాయి ఒక్కతే కూర్చుని పకపకా నవ్వుతుండేది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో ల్యాప్‌టాప్. ఉన్నట్టుండి "నాన్నా, పుల్ చెయ్యకు, పుల్ చెయ్యకు... చేసేశావా! అయిపోయింది, అందరం పోయాం!" అని కేక పెట్టింది ఒకరోజు. నేను వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాను. తీరా చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. గల్ఫ్‌లో ఉన్న మా ఆయన, ఆయన గదిలో ఉండే మరో ముగ్గురు, ఇక్కడ మా అమ్మాయి, ఐదుగురూ కలిసి ఆన్‌లైన్లో ఒక ఆట ఆడుతున్నారు. ఆ ఆటలో ఒక గుహ, గుహలో ఒక రాక్షసుడు. వాడి చేతిలో ఐదుగురూ చచ్చి, మళ్ళీ లేచి వెళ్ళడానికి నడుం కడుతున్నారు.

"దాన్ని వైప్ అంటారమ్మా. పార్టీ అంతా ఒకేసారి పోతే వైప్" అంది మా అమ్మాయి.

మా ఆయన అక్కడ గ్యాస్ ప్లాంట్లలో స్కఫోల్డింగ్ పని చేస్తారు. ఇనుప గొట్టాలు బిగించి ఎత్తున అంతస్తులు కట్టడం ఆయన పని. శుక్రవారం సెలవు. నాకు ఫోన్ చేసినప్పుడు మా మాటలు మూడు నిమిషాలకే అయిపోయేవి. తిన్నారా అని నేను, తిన్నాను అని ఆయన. వాన పడిందా అని ఆయన, పడింది అని నేను. ఆ తరువాత ఇద్దరం ఫోన్లో ఒకరి మొహం ఒకరం చూసుకుని, సరే ఉంటాను అనుకునేవాళ్ళం. అదే మనిషి కూతురితో రెండేసి గంటలు ఆ గుహలో తిరుగుతూ, అరుస్తూ, నవ్వుతూ గడిపేవారు. ఇయర్‌ఫోన్లోంచి సన్నగా బయటికి వచ్చే ఆ నవ్వు వింటూ నేను కొబ్బరి కోరుకుంటూ ఉండేదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఆయన అలాగే నవ్వేవారు. దాచుకోవడమెందుకు, నాకు కాస్త అసూయగానే ఉండేది.

నేను చిన్నప్పటినుంచీ పారాయణాల్లో పెరిగిన దాన్ని. మా అమ్మమ్మ వేలు పట్టుకుని పురాణం చెప్పే చోటికల్లా వెళ్ళాను. ఇప్పుడు రాజోలు దగ్గర మా ఊళ్ళో శుక్రవారం నాలుగు గంటలకు ఆడవాళ్ళం ఇరవైమందిమి ఒకరి ఇంట్లో కూర్చుని స్వామి నామాలు చదువుతాం. ఆ గంటసేపూ స్వామి మా మధ్యనే కూర్చుని ఉంటాడని నా నమ్మకం. అనుకోవడం కాదు, నాకు తెలుసు. అలాంటిదాన్ని రాక్షసులను చంపే ఆటలోకి ఎలా వెళ్ళానంటే, దానికి కారణం నగరం అనే ఊరాయన.

మా ఆయన గదిలో ఉండేవాళ్ళందరిదీ మన ప్రాంతమే. పేర్లతో పిలుచుకోరు, ఊళ్ళతోనే పిలుచుకుంటారు. కె.గంగవరం ఆయన వాళ్ళ పనిలో ఫోర్‌మన్, ఆటలోనూ ఆయనే పెద్ద. ఆటలో ఆ బృందాన్ని గిల్డ్ అంటారు. రాయవరం ఆయన వరిపొలం కౌలుకిచ్చి వెళ్ళినాయన, నోరు తెరిస్తే హాస్యం. నగరం ఆయన ఆటలో హీలర్, అంటే దెబ్బలు తిన్నవాళ్ళకు మళ్ళీ ప్రాణం నింపేవాడు. ఆయన కాంట్రాక్ట్ అయిపోయి సొంతూరు నగరం వచ్చేసి కొబ్బరి పీచు వ్యాపారం మొదలుపెట్టారు. ఇక శుక్రవారాలు కుదరవని చెప్పేశారు.

హీలర్ లేకపోతే గుహలో రెండో గది దాటలేరట. మూడు వారాలు వరసగా వైప్. గంగవరం ఆయన విసిగి, ఈ నెలలో హీలర్ దొరక్కపోతే మన గిల్డ్ మూసేసి వేరే పెద్ద గిల్డ్‌లో చేరిపోదాం అన్నారు. ఆ పెద్ద గిల్డ్‌లో మా అమ్మాయిలాంటి తక్కువ లెవెల్ వాళ్ళను తీసుకోరు. అంటే తండ్రీ కూతుళ్ళకు శుక్రవారం మధ్యాహ్నాలు లేనట్టే. ఆ మాట చెబుతూ మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆ హీలర్ పని నేను చెయ్యకూడదా?" అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మా, నీకు ఫోన్లో గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపడమే సరిగ్గా రాదు."

"చెప్తే నేర్చుకుంటాను. నువ్వు నడవడం నేర్చుకోలేదా?"

ఆ ఆట ఫోన్లోనూ ఆడవచ్చునట. నా ఫోన్లో ఎక్కించింది. నామాలు రాసుకునే నోటుపుస్తకం వెనక పేజీల్లో దాని పాఠం రాసుకున్నాను. ముందు నిలబడి డాలు అడ్డుపెట్టేవాడు ట్యాంక్. అది మా ఆయన. వెనకనుంచి కొట్టేవాళ్ళు డీపీఎస్. అది మా అమ్మాయి, గంగవరం ఆయన, రాయవరం ఆయన. రాక్షసుడి కోపం ఎవరిమీద ఉందో దాన్ని అగ్రో అంటారు. ఆ కోపమంతా ట్యాంక్ తనమీదకే తెచ్చుకోవాలి. అన్నసమారాధనలో సాంబారు ఆలస్యమైతే జనం కోపమంతా గుమ్మంలో నిలబడ్డ ఒక్కడిమీదే పడుతుంది, అతను నోరు మూసుకుని పడతాడు కాబట్టి లోపల వంటవాళ్ళు పని చేసుకోగలుగుతారు. అగ్రో అంటే నాకు అలా అర్థమైంది. పుల్ అంటే మొదటి దెబ్బ వేసి రాక్షసుణ్ణి మీదకు లాక్కోవడం. బఫ్ అంటే యుద్ధానికి ముందు రక్ష కట్టడం. రెజ్ అంటే పోయినవాణ్ణి లేపడం. ఏఎఫ్‌కే అంటే ఆట వదిలి పక్కకు వెళ్ళడం. కుక్కర్ మూడో కూత వేసినప్పుడల్లా నాకు పనికొచ్చిన మాట అది. ఒకే పని వందలసార్లు విసుగు లేకుండా చెయ్యడం గ్రైండ్. ఇది వినగానే నవ్వొచ్చింది నాకు. జపం చేసేవాళ్ళకు గ్రైండ్ గురించి చెప్పాలా! ఒకే చోట తిరిగి తిరిగి సరుకు పోగేయడం ఫార్మింగ్.

"ఊళ్ళో ఫార్మింగ్ మానేసి ఎడారికొచ్చేనండీ అక్కగారూ. ఇక్కడా ఫార్మింగే చేయిస్తున్నారు" అన్నారు రాయవరం ఆయన, నేను మొదటి రోజు ఆటలో అడుగుపెట్టగానే.

"ఇక్కడ కోత కూలీలు దొరుకుతారాండీ?" అన్నాను.

"ఆయ్, మీ ఆయన్నే పెట్టుకున్నానండీ. కూలి లేదు, తిండి లేదు."

మా ఆయన పాత డాలు ఎత్తుకుని గుహలోకి నడిచేశారు. నేను ఆటలోకి వచ్చానని ఆయనకు సిగ్గుగా ఉన్నట్టుంది.

మొదటి రోజు పది నిమిషాల్లో వైప్. తప్పు నాదే. ఐదుగురి ప్రాణాలూ ఐదు పచ్చ గీతల్లా తెర పక్కన కనిపిస్తాయి. దెబ్బ తగిలితే గీత తరుగుతుంది, నేను వేలు పెడితే నిండుతుంది. నాకు బంతిలో వడ్డించడం అలవాటు. ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఎవర్నీ దాటిపోకుండా అందరికీ సమానంగా వడ్డించుకుంటూ వెళ్తాం. ఇక్కడా అలాగే పైనుంచి కిందికి ఒక్కొక్కరికి ఒక్కొక్కసారి వేలు పెట్టుకుంటూ వచ్చాను. ఒక్క దెబ్బా తినని రాయవరం ఆయనకు కూడా తన వంతు పోశాను. ఈలోగా ముందు నిలబడ్డ మా ఆయన కూలిపోయారు.

"అక్కగారూ, ఇది బంతి వడ్డన కాదండీ" అన్నారు గంగవరం ఆయన, ఫోర్‌మన్ గొంతుతో. "ముందు ట్యాంకుకి పొయ్యండి. మేము పస్తున్నా పర్లేదు."

"నాకు మాత్రం రెండోసారి వడ్డించెయ్యండీ, మొహమాటం లేదు" అన్నారు రాయవరం ఆయన.

రెండు మూడు వారాలకు చెయ్యి తిరిగింది. ఎవరి విస్తరి ఖాళీ అవుతోందో తల ఎత్తకుండానే పసిగట్టడం నాకు ముప్ఫై ఏళ్ళ విద్య. పచ్చగీత తరగబోతోందని ముందే తెలిసిపోయేది. మొదలుపెట్టేముందు స్వామికి ఒక్క క్షణం దణ్ణం పెట్టుకునేదాన్ని. నన్ను నూబ్, అంటే ఏమీ రాని కొత్తమనిషి, అని ఏడిపించిన మా అమ్మాయే "అమ్మా, నువ్వు లేకపోతే పోయేవాళ్ళం" అంది ఒకరోజు. ఆట అయ్యాక అందరూ జీజీ అని రాసుకుంటారు, ఆట బాగా సాగిందని. నేనూ రాసేదాన్ని. గిల్డ్ మూసే మాట గంగవరం ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మా ఆయన మాత్రం నాతో పొడిపొడిగానే ఉండేవారు. "హీల్" అనేవారు. "ఆగు" అనేవారు. అంతే. కూతురితో నవ్వే నవ్వు నావైపు ఇంకా తిరగలేదు.

ఇక డాలు సంగతి. రాక్షసుణ్ణి చంపగానే వాడినుంచి వస్తువులు రాలతాయి. వాటిని లూట్ అంటారు. దోపిడీ అని పేరు పెట్టుకోవడం నాకేమీ నచ్చలేదు గానీ పద్ధతి అది. ప్రతి వస్తువుకీ తెరమీద మూడు మీటలు వస్తాయి. నిజంగా అవసరమైతే నీడ్, ఉంటే మంచిదే అనుకుంటే గ్రీడ్, అక్కర్లేకపోతే పాస్. ఇద్దరు నీడ్ నొక్కితే పాచిక పడుతుంది, పెద్ద అంకె వచ్చినవాళ్ళకు వస్తువు. తనకు చెందనిదానికి నీడ్ నొక్కి లాక్కుపోయేవాణ్ణి నింజా అంటారు. గిల్డ్ గోడమీద గంగవరం ఆయన రాసిపెట్టిన నియమం ఒక్కటే, నింజా చేసినవాళ్ళు గిల్డ్‌లో ఉండరు. ఆ నియమం కింద తన సొంత బావమరిదినే తీసేశారట.

నన్ను మొదట్లో అన్నిటికీ పాస్ నొక్కమంది మా అమ్మాయి. తరువాత, "ఇప్పుడు నువ్వు నూబ్‌వి కాదమ్మా, నీ ఇష్టం" అంది. అంతకు ముందు వారమే గంగవరం ఆయనా రాయవరం ఆయనా ఒక ఉంగరం దగ్గర మాటా మాటా అనుకున్నారు. నా మనసుకు కష్టమనిపించింది. మా పారాయణంలో అలా ఉండదు. ప్రసాదం పళ్ళెం ఒక్కరి చేతికే వస్తుంది. ఆ మనిషి అందరికీ పెట్టి, గుమ్మంలో చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా పెట్టి, ఆఖర్న తను కళ్ళకద్దుకుంటుంది. ఎవరికి వాళ్ళు పళ్ళెంలో చెయ్యి పెడితే అది ప్రసాదం అవుతుందా? ఈసారి అన్నీ నేనే తీసుకుని నా చేత్తో పంచుదామని నిశ్చయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మంచిపని చెప్పి చెయ్యాలా అనుకున్నాను.

ఆ శుక్రవారం మూడుంబావు ప్రాంతంలో ఆఖరి గదిలో రాక్షసుడు పడ్డాడు. ఒక్కసారిగా అందరూ అరిచారు. నీలంగా మెరిసే డాలు ఒకటి రాలింది. దానికోసం మా ఆయన ఏడాదిగా అదే గుహను గ్రైండ్ చేస్తున్నారని మా అమ్మాయి ఎప్పుడూ చెప్పేది. నేను నీడ్ నొక్కాను. తెరమీద నా తరఫున తిరిగే పాత్ర కూడా డాలు పట్టవచ్చునట, అందుకని ఆట అడ్డు చెప్పలేదు. మా ఆయనా నొక్కారు, పాచిక పడింది. నాదే పెద్ద అంకె.

"అందరూ వరసగా నిలబడండి, పంచుతాను" అన్నాను సంతోషంగా.

తెరమీద ఎవరి పాత్రా వరసలోకి రాలేదు.

"అమ్మా... అది పంచేది కాదు" అంది మా అమ్మాయి నెమ్మదిగా. "తీసుకున్నవాళ్ళకే అతుక్కుపోతుంది. ఇక ఎవరికీ ఇవ్వలేం."

"ఏవండీ, నాకు తెలీదండీ" అన్నాను.

"పోనీలే" అన్నారు మా ఆయన. ఆ గొంతు నాకు తెలుసు. ఊరికి రావడానికి సెలవు దొరకలేదని చెప్పేటప్పుడు వచ్చే గొంతు.

గంగవరం ఆయన అందుకున్నారు. "అక్కగారూ, మీరు కావాలని చెయ్యలేదని నాకు తెలుసండీ. కానీ నియమం రాసింది నేను. మా బావమరిదీ తెలీకే చేసేనన్నాడు. మిమ్మల్ని ఉంచితే ఇంటికెళ్ళేక మా ఆవిడ మొహం చూడలేను. సాయంత్రం దాకా ఆలోచిస్తానండీ."

"ఆలోచించకండి. నియమం అందరికీ ఒకటే కదండీ" అన్నాను. అన్నాక తట్టింది. నేను పోతే హీలర్ లేదు. హీలర్ లేకపోతే గిల్డ్ లేదు. తండ్రీకూతుళ్ళ మధ్య ఉన్న ఆ కాస్త దారీ నా చేతులమీదే మూసుకుపోతోంది. పంచిపెట్టబోయి ఇంత పని చేశాను.

నాలుగయింది. పారాయణం రెండు వీధుల అవతల, మా పెద్దావిడ ఇంట్లో. ఆవిడ డెబ్భై దాటిన మనిషి, మా బృందానికి పెద్ద. ఆరోజు ప్రసాదం వంతు నాది. పొద్దున్నే చేసిపెట్టిన చక్రపొంగలి గిన్నె పట్టుకుని వెళ్ళాను. ఆ ఇంటి గుమ్మంలో ఒక బుట్ట ఉంటుంది, అందరం ఫోన్లు ఆపి అందులో పెట్టి లోపలికి వెళ్ళాలి. పెట్టాను. నామాలు చదువుతున్నా నోరు ఒకచోట, మనసు ఒకచోట. స్వామీ, నాకు డాలు వద్దు, దాన్ని చేరవలసిన చోటికి చేర్చు అని అడిగాను. ఇలాంటి చిన్నవి ఆయన్ని అడగకూడదని నేను ఎన్నడూ అనుకోలేదు.

హారతి అయ్యేసరికి అయిదయింది. కళ్ళకద్దుకుని తిరిగేసరికి గుమ్మంలో మా అమ్మాయి. చెంపలనిండా చెమట.

"అమ్మా, నీ ఫోన్ తియ్యి. రాయవరం బాబాయ్‌గారు చదివేరంట. ఆటలో ఆ పద్ధతి కొత్తగా మార్చేరంట. తీసుకున్న రెండు గంటల్లోపల అయితే పార్టీలో వాళ్ళకి ఇచ్చుకోవచ్చు. ఇంక పావుగంట లేదు. నేనొచ్చి అరగంటయ్యింది, హారతి కాకుండా పిలవకూడదని నిలబడ్డాను. నువ్వు ఫోన్ తెరిచి ఇస్తే చాలు, మిగిలింది నేను చేసేస్తాను."

కానీ పళ్ళెం నా చేతిలో ఉంది. ఇరవైమంది ప్రసాదం కోసం కూర్చుని ఉన్నారు. పెట్టకుండా పళ్ళెం కింద పెట్టకూడదు. నేను ఒక్కొక్కరికీ పెట్టి వచ్చేసరికి ఆ పావుగంటా అయిపోతుంది. అదే దాని చెవిలో అన్నాను.

"ఏంటమ్మా, తల్లీ కూతుళ్ళు గుసగుసలు?" అంది పెద్దావిడ.

రాక్షసుడు, డాలు, పాచిక అని ఆవిడకు ఎక్కడ చెప్పను? "పిన్నిగారూ, వేరొకరి వాటా నా చేతిలో ఉండిపోయిందండీ. ఇప్పుడు ఇవ్వకపోతే ఇంక ఎప్పటికీ ఇవ్వలేను" అన్నాను.

"మరి పళ్ళెం ఎలా పట్టుకున్నావే? పరుల వాటా చేతిలో పెట్టుకుని ప్రసాదం పంచుతారా ఎక్కడన్నా? ముందు అది ఇచ్చిరా. మేమెక్కడికీ పోం."

"అమ్మమ్మగారూ, నేను ఇచ్చేస్తానండీ అమ్మ తరఫున" అంది మా అమ్మాయి.

"తీసుకున్న చెయ్యే ఇవ్వాలి. అయినా ఎవరి వాటా?"

"మావారిదండీ" అన్నాను.

ఇరవైమందీ ఒక్కసారి ఘొల్లుమన్నారు.

పళ్ళెం పెద్దావిడ చేతికిచ్చి వీధి అరుగుమీద కూర్చున్నాను. ఫోన్ తెరుచుకోవడానికి ఒక యుగం పట్టింది. అందరూ నా భుజాలమీదుగా వంగి చూస్తున్నారు. ఆటలోకి వెళ్ళేసరికి గుహ ముందు మా ఆయన పాత్ర ఒక్కటే నిలబడి ఉంది.

"అమ్మా, నాన్న పక్కన నిలబడు. ఇంకా దగ్గరగా. ఆ, ఇప్పుడు నాన్నమీద వేలు పెట్టు. ట్రేడ్ అని వస్తుంది. డాలు అందులోకి లాగు."

తొందరలో మొదటిసారి డాలు బదులు ఆటసంచిలో దాని పక్కనే ఉన్న గోధుమరొట్టె ఇచ్చాను. "రొట్టె పెట్టేవేంటోయ్, నేను తినే వచ్చేను" అన్నారు మా ఆయన. స్పీకర్లో ఆ మాట విని ఆడవాళ్ళందరూ మళ్ళీ నవ్వారు. అన్ని గొంతులు వినగానే ఆయన కంగారుపడి, "ఎవరండీ అది, ఎవరెవరున్నారు అక్కడ?" అన్నారు.

"మీ ఊరంతా ఉన్నాం నాయనా. నీ వాటా అందిందా?" అంది పెద్దావిడ.

రెండోసారికి డాలు జరిగింది. ఆయన పాత్ర చేతిలో నీలంగా మెరిసింది. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయని మా అమ్మాయి చూపించింది.

"ఆయ్, అందిందండీ పిన్నిగారూ" అన్నారు మా ఆయన.

గంగవరం ఆయన కూడా లైన్లోనే ఉన్నారు. "అందడం బాగానే ఉందండీ. కానీ తీసుకున్నవాళ్ళని తీసెయ్యాలని రాసుకున్నామండీ" అన్నారు.

"తిరిగి ఇచ్చేసినవాళ్ళ సంగతి ఏం రాసుకున్నారు?" అంది పెద్దావిడ.

"అది... రాసుకోలేదండీ."

"రాసుకోండి మరి. కలం లేదా?"

"ఆయ్, ఉందండీ" అన్నారు, ఫోర్‌మన్ గొంతు ఎక్కడికి పోయిందో.

"రాసి మీ బావమరిదిని కూడా పిలవండీ, మీ ఆవిడ అన్నం పెడతారు" అని వెనకనుంచి రాయవరం ఆయన అరిచారు.

ఆ గిల్డ్ గోడమీద ఇప్పుడు మూడు వాక్యాలున్నాయి. రెండో వాక్యం, తెలియక తీసుకున్నది గడువులోగా తన చేత్తో ఇచ్చినవాళ్ళు ఉండవచ్చు అని. దాని కింద ఇంకొకటి కూడా చేర్చారు, లూట్ అంతా హీలర్ అక్కగారి చేతికే రావాలి, ఆవిడే పంచాలి అని. లూట్ మాస్టర్ అంటారట ఆ పదవిని. గంగవరం ఆయనా రాయవరం ఆయనా ఇప్పుడు ఉంగరాల దగ్గర పోట్లాడుకోరు. నా దగ్గరికి వచ్చి ఒకరిమీద ఒకరు పితూరీలు చెప్పుకుంటారు, అంతే తేడా.

ఆరోజు పొంగలి చల్లారిపోయింది. అయినా ఎవరూ తక్కువ పెట్టించుకోలేదు. నేను గిన్నె కడుక్కుని ఇంటికి వస్తుంటే దారిలోనే ఫోన్ మోగింది. మా ఆయన.

"తిన్నారా?" అన్నాను అలవాటుగా.

"అది వదిలెయ్. డాలు పోతే పోయింది, ఇంకో ఏడాది తిరుగుతాననుకున్నానోయ్. నిన్ను తీసేస్తే ఎలాగా అనే బెంగ పట్టుకుంది. గదిలో వీళ్ళతో కూడా మాట్లాడలేకపోయేను."

"మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటా మాట్లాడలేదేం ఆటలో? హీల్, ఆగు, అంతేగా?"

"వీళ్ళముందు నీతో మాట్లాడాలంటే నోరు రాదు" అన్నారు. ఆ తరువాత ఆయన నవ్వారు. కాలవ గట్టుమీద నడుస్తూ, ఖాళీ గిన్నె చంకలో పెట్టుకుని, ఆ నవ్వు ఫోన్లో నేరుగా నా చెవిలోకి విన్నాను.

"వచ్చే శుక్రవారం వాళ్ళకంటే అరగంట ముందు రా. మనిద్దరం వెళ్దాం, చిన్న గుహ ఒకటి చూసేను."

"ఇద్దరమే అయితే పోతామేమోనండీ."

"పోతే పోతాం. రెజ్ ఉందిగా నీ దగ్గర" అన్నారాయన.